ఇక రానక్కర్లేదని మీకెలా తెలుస్తుంది?

కౌన్సెలింగ్‌కి వచ్చే వాళ్లలో చాలామంది కూర్చోగానే అడిగే ప్రశ్న, ఎన్నిసార్లు రావాల్సి ఉంటుంది అని. కొందరు మొహమాటపడుతూ అడుగుతారు, కొందరు తలుపు దగ్గరే అడిగేస్తారు. అడగడంలో తప్పేం లేదు. ఖర్చు ఉంటుంది, సెలవు దొరకాలి, ఇంట్లో వాళ్లకి ఏదో ఒకటి చెప్పి రావాలి, అన్నిటికీ మించి ఒకసారి మొదలుపెడితే ఏళ్ల తరబడి సాగుతుందేమో, చిన్నప్పటి నుంచి జరిగిందంతా తవ్వుకోవాల్సి వస్తుందేమో అన్న భయం ఉంటుంది. నేను చేసే పద్ధతిలో ఆ జవాబు నా దగ్గర ఉండదు, వచ్చిన మనిషి దగ్గరే ఉంటుంది. అందుకే తిరిగి నేనే అడుగుతాను: "ఇక ఇక్కడికి రావాల్సిన పని లేదని మీకెలా తెలుస్తుంది? మీ రోజులో ఏం కనిపిస్తే ఇక చాలు అనుకుంటారు?"

ఈ పద్ధతి పేరు సొల్యూషన్ ఫోకస్డ్ బ్రీఫ్ థెరపీ. మాలో మేము ఎస్ఎఫ్‌బీటీ అనేస్తాం. చాలామందికి పది సెషన్లలోపే ముగుస్తుంది, రెండు మూడింటితో ఆగిపోయేవాళ్లూ ఉంటారు. ఇది విని, పైపైన మందు రాసి పంపించడం లాంటిదని, అసలు సమస్య లోపలే ఉండిపోతుందని అనుకునేవాళ్లు నాకు చాలామంది తెలుసు, వాళ్లలో ఇదే వృత్తిలో ఉన్నవాళ్లూ ఉన్నారు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఇందులో సెషన్లు తగ్గేది పని తగ్గించడం వల్ల కాదు, చేరాల్సిన చోటు ఏదో మొదటి రోజే, చాలా వివరంగా, ఆ మనిషి మాటల్లోనే తేల్చుకోవడం వల్ల. ఆ తేల్చుకోవడం ఎంత కష్టమో బయటనుంచి చూసేవాళ్లకి అర్థం కాదు.

ఒక సంభాషణ రాస్తాను. (ఈ పోస్టులో ఉన్న సంభాషణలు ఏ ఒక్కరివీ కావు, చాలామంది మాటల్లోంచి కలిపి, వివరాలు మార్చి రాస్తున్నవి.)

"నాకు ఈ టెన్షన్ పోవాలి."
"సరే. టెన్షన్ పోయాక దాని బదులు ఏం ఉంటుంది?"
"ఏముంటుంది, ప్రశాంతంగా ఉంటా."
"ప్రశాంతంగా ఉన్న రోజు పొద్దున లేచి మొదట ఏం చేస్తారు?"
"లేవగానే ఆఫీసు మెయిల్స్ చూడను."
"చూడకుండా?"
చాలాసేపు మౌనం. తర్వాత, "మా పాపని నేను లేపుతా. ఇప్పుడు వాళ్లమ్మే లేపుతోంది. నేను లేపితే అది ఇంకో పది నిమిషాలు నా పక్కనే పడుకుంటుంది."

ఇక్కడ ఏం జరిగిందో చూడండి. టెన్షన్ పోవాలి, కోపం తగ్గాలి, గొడవలు ఆగాలి, ఏడుపు రాకూడదు అని మనం కోరుకునేవన్నీ వద్దు అన్నవే. వద్దు అన్నదాని వైపు నడవడం ఎవరికీ చేతకాదు, ఎందుకంటే అది రాలేదని తెలుసుకోవడానికి రోజంతా దాని కోసమే కాపలా కాయాలి. టెన్షన్ వచ్చిందా, వస్తోందా అని చూసుకుంటూ కూర్చుంటే రాకుండా ఎలా ఉంటుంది? అదే పాపని లేపడం అనుకోండి, అది రేపు పొద్దున చెయ్యగలిగిన పని, చేశామో లేదో తెలిసే పని, పాపకి కూడా తెలిసే పని. ఒక మనిషి నోటి నుంచి అలాంటి మాట వచ్చేదాకా ఓపిగ్గా అడుగుతూ కూర్చోవడమే మొదటి సెషన్‌లో సగం పని. మేం మాటిమాటికీ వాడే మాట ఒకటుంది: "ఇంకా?" పాపని లేపుతారు, ఇంకా? అది చూసి మీ ఆవిడ ఏం అనుకుంటారు, ఇంకా? ఆఫీసుకి వెళ్లాక ఆ రోజు మొదట ఎవరు గమనిస్తారు మీలో తేడా, ఏం చూసి? విసుగొచ్చేలా అనిపిస్తుంది రాస్తుంటే. ఎదురుగా కూర్చున్న మనిషికి మాత్రం విసుగు రాదు, తన బతుకు బాగుంటే ఎలా ఉంటుందో ఇంత శ్రద్ధగా అడిగినవాళ్లు అప్పటిదాకా ఎవరూ ఉండరు కాబట్టి.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే అది పుట్టిన తీరులోనే దాని స్వభావం ఉంది. 1960లలో అమెరికాలో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మెంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో రిచర్డ్ ఫిష్, జాన్ వీక్‌లాండ్, పాల్ వాట్స్‌లావిక్ వంటివాళ్లు పది సెషన్లకు మించకుండా చికిత్స చేసి చూడటం మొదలుపెట్టారు. మానసిక చికిత్స అంటే ఏళ్లకేళ్లు సాగేదేనని అందరూ అనుకుంటున్న కాలం అది. వాళ్లు గమనించింది ఏంటంటే, చాలాసార్లు మనిషి సమస్యని తీర్చుకోవడానికి చేస్తున్న ప్రయత్నమే సమస్యని నిలబెడుతోందని. నిద్ర పట్టనివాడు నిద్రపోవాలని పట్టుబట్టినకొద్దీ నిద్ర దూరమైనట్టు. వీక్‌లాండ్ దగ్గర ఎంతో నేర్చుకున్న స్టీవ్ డి షేజర్, ఆయన భార్య ఇన్సూ కిమ్ బెర్గ్, మరికొందరు సహచరులు కలిసి 1978లో మిల్వాకీలో బ్రీఫ్ ఫ్యామిలీ థెరపీ సెంటర్ పెట్టారు. ఇన్సూ కొరియాలో పుట్టి ఫార్మసీ చదువుకోవడానికి 1957లో అమెరికా వచ్చి, తర్వాత సోషల్ వర్క్ వైపు మళ్లిన మనిషి. డి షేజర్ సంగీతం నేర్చుకున్నవాడు, శాక్సొఫోన్ వాయించేవాడు.

వాళ్లు చేసిన పని నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. ముందు సిద్ధాంతం రాసుకుని తర్వాత మనుషుల మీద ప్రయోగించలేదు. ఒకరు గదిలో కూర్చుని మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఒకవైపు నుంచి మాత్రమే కనిపించే అద్దం వెనక కూర్చుని గంటల తరబడి చూసేవాళ్లు. ఏ ప్రశ్న అడిగినప్పుడు మనిషి ముందుకు కదిలాడు, ఏ ప్రశ్నకి వెనక్కి ముడుచుకున్నాడు అని. పనికొచ్చినవి ఉంచారు, రానివి తీసేశారు. 1982లో ఒక కుటుంబం వాళ్ల దగ్గరికి వచ్చి ఏకంగా 27 సమస్యలు చెప్పిందట, ఏ ఒక్కటీ స్పష్టంగా లేదు, దేని మీద పని మొదలుపెట్టాలో టీమ్‌కి అర్థం కాలేదు. అప్పుడు వాళ్లు ఆ కుటుంబాన్ని ఒక్కటే అడిగారు, మళ్లీ వచ్చేలోపు మీ ఇంట్లో జరిగేవాటిలో ఏవి ఇలాగే కొనసాగితే బాగుండు అనిపిస్తుందో గమనించి రండి అని. తిరిగి వచ్చినప్పుడు వాళ్లు బాగున్నవాటి జాబితా చెప్పారు, పరిస్థితి కూడా చాలా మెరుగైందన్నారు. ఆ 27లో ఒక్కదాన్నీ ఎవరూ విశ్లేషించలేదు. ఆ తర్వాత చాలామందికి మొదటి సెషన్ అయ్యాక ఇదే పని ఇచ్చి చూశారు, పని చేసింది. సమస్యని పూర్తిగా అర్థం చేసుకుంటే తప్ప పరిష్కారం దొరకదన్న నమ్మకం అక్కడ సడలింది. డి షేజర్ దీనికి ఒక పోలిక వాడేవాడు. ప్రతి తాళానికీ సరిగ్గా దానికే సరిపోయే చెవి చేయించుకోనక్కర్లేదు, చాలా తాళాలు తెరిచే చెవి ఒకటి ఉన్నా తలుపు తెరుచుకుంటుంది అని.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగానికి వస్తాను. సమస్య లేని క్షణాలు. ఎంత పెద్ద సమస్య అయినా ఇరవై నాలుగు గంటలూ ఒకే మోతాదులో ఉండదు. రోజూ కొట్లాడుకునే భార్యాభర్తలు కూడా ఒక మంగళవారం కొట్లాడుకోరు. పుస్తకం పట్టుకోవాలంటేనే గుండె దడ వచ్చే కుర్రాడు ఒక సాయంత్రం అరగంట చదువుతాడు. ఆ క్షణాలని మనుషులు లెక్కలోకి తీసుకోరు, తీసిపారేస్తారు. అడిగితే మొదట వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే.

"ఎప్పుడూ ఇంతే అండీ. ఒక్కరోజు కూడా మాట్లాడుకోం, అరుచుకోవడమే."
"మామూలుగా అయితే గొడవ అయ్యేదే, కానీ ఎందుకో అవకుండా పోయింది, అలాంటి రోజు ఈ నెలలో ఏదైనా గుర్తుందా?"
"లేదు." కాసేపటికి, "మొన్న కరెంటు పోయిన రోజు తప్ప."
"ఆ రోజు ఏం జరిగింది?"
"ఏం జరుగుతుంది, బయట కూర్చున్నాం. అప్పుడు ఆయన వాళ్ల మేనేజర్ గురించి చెప్పారు. నేను విన్నా."
"మీరు విన్నారు. ఎలా విన్నారు, ఆ రోజు విసుగు రాలేదా?"
"వచ్చింది. కానీ ఆయన నా సలహా కోసం చెప్పట్లేదు అనిపించింది, ఊరికే చెప్పుకుంటున్నారు అనిపించి ఊరుకున్నా."

కరెంటు పోవడం వల్ల జరిగిందిలే అని ఆవిడ వదిలేసేది. కరెంటు చాలాసార్లు పోతుంది, ప్రతిసారీ అలా జరగదు. ఆ రోజు ఆవిడ ఒక నిర్ణయం తీసుకుంది, సలహా చెప్పకుండా వినాలని, ఆ నిర్ణయం తనదేనని ఆవిడకే తెలియదు. దాన్ని బయటకు తీసి ఆవిడ చేతిలో పెట్టడానికి మేము అడిగే ప్రశ్న "అది ఎలా చెయ్యగలిగారు?" అన్నది. పొగడ్తగా అడగకూడదు, నిజంగా తెలుసుకోవాలని అడగాలి. నేను వెళ్లి ఆవిడకి "మీ ఆయన చెప్పేది శ్రద్ధగా వినండి" అని ఉపదేశించి ఉంటే ఏమయ్యేదో ఊహించండి, ఆ మాట ఆవిడకి అమ్మా, అత్తా, అక్కా అందరూ చెప్పే ఉంటారు. తను ఒకసారి చేసిన పని అని తెలిస్తే దాని బరువే వేరు.

ఇంకో విషయం. కౌన్సెలింగ్‌కి అపాయింట్‌మెంట్ తీసుకోవడానికీ వచ్చి కూర్చోవడానికీ మధ్యలోనే చాలామందిలో ఏదో మార్పు మొదలైపోయి ఉంటుంది. మిల్వాకీ బృందమే దీన్ని పట్టుకుంది. 1987లో వాళ్లు ప్రచురించిన చిన్న అధ్యయనంలో 30 కుటుంబాలని మొదటి సెషన్‌లోనే అడిగారు, ఫోన్ చేసినప్పటి నుంచి ఇప్పటిదాకా ఏమైనా తేడా గమనించారా అని. 20 కుటుంబాలు అవునన్నాయి. అడిగితే చెప్పారు. అడగకపోతే ఆ మార్పు ఎవరికీ కనపడకుండా పోయేది, అదీ నన్ను ఆలోచింపజేసే సంగతి.

ఇక అద్భుతం ప్రశ్న. ఎస్ఎఫ్‌బీటీ గురించి ఏ కొంచెం విన్నవాళ్లకైనా ఇది తెలిసే ఉంటుంది, మిరకిల్ క్వశ్చన్ అంటారు. ఇది కూడా గదిలోనే పుట్టింది. బాగా అలిసిపోయిన ఒకావిడని ఇన్సూ అడిగిందట, మన ఈ మాటల వల్ల ఉపయోగం ఉందని అనిపించాలంటే ఏం జరగాలి అని. ఏదైనా అద్భుతం జరిగితే తప్ప లాభం లేదు అందట ఆవిడ. ఇన్సూ ఆ మాటని కొట్టిపారెయ్యకుండా, సరే, అద్భుతమే జరిగిందనుకోండి, అప్పుడేం తేడా ఉంటుంది అని అడిగింది. ఆవిడ చెప్పుకుంటూ పోయింది. నేను అడిగేటప్పుడు చాలా నెమ్మదిగా అడుగుతాను, మధ్యమధ్యలో ఆగుతూ, దాదాపు ఇలా:

"మీరు ఇక్కడినుంచి వెళ్తారు. మిగతా పనులేవో చూసుకుంటారు. రాత్రవుతుంది, పడుకుంటారు. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నప్పుడు ఒక అద్భుతం జరుగుతుంది, మీరు ఏ సమస్య గురించి ఇక్కడికి వచ్చారో అది తీరిపోతుంది. కానీ మీరు నిద్రలో ఉన్నారు కదా, ఆ సంగతి మీకు ఎవరూ చెప్పరు. పొద్దున లేచాక, ఏదో మారిందే అని మీకు మొట్టమొదట దేన్ని చూసి అనిపిస్తుంది?"

దీని బలం అంతా "మొట్టమొదట" అన్న చోట ఉంది. గబగబా అడిగేస్తే లాటరీ తగలాలి, మా బాస్ మారిపోవాలి లాంటి జవాబులు వస్తాయి. వచ్చినా నష్టం లేదు, నేను వాటితో వాదించను. బాస్ మారిపోయాడు, సరే, అప్పుడు మీరు ఆఫీసులోకి ఎలా నడుచుకుంటూ వెళ్తారు, ఎవరితో మొదట మాట్లాడతారు, మీ మొహంలో పక్క సీటు వాళ్లకి ఏం కనపడుతుంది? నాలుగైదు ప్రశ్నలు అయ్యేసరికి బాస్ సంగతి వెనక్కి పోతుంది, తను చేసే పనులు ముందుకొస్తాయి. వాటిలో ఒకటో రెండో బాస్ మారకపోయినా చెయ్యగలిగినవని మనిషికి తనకే తడుతుంది. నేను ఎత్తి చూపాల్సిన పని ఉండదు.

కానీ అందరినీ ఈ ప్రశ్న అడగకూడదు. దగ్గరివాళ్లని పోగొట్టుకుని కొద్దిరోజులే అయిన మనిషిని అద్భుతం గురించి అడిగితే ఆయన కోరే అద్భుతం ఏంటో మనకి ముందే తెలుసు, అది జరగదనీ తెలుసు. అలాంటప్పుడు ఆ ప్రశ్న అడగడం క్రూరం. నేనైతే పోయినవాళ్ల గురించి అడుగుతాను, వాళ్లు ఎలాంటివాళ్లు, మీలో ఏం చూసి ఇష్టపడేవాళ్లు, ఈ రోజుల్లో మీరు నెట్టుకొస్తున్న తీరు చూస్తే ఏమనేవాళ్లు అని. అదీ వాళ్లు మాట్లాడాలనుకుంటేనే. ప్రశ్నల పట్టిక చేతిలో పెట్టుకుని వరసగా అడుక్కుంటూ పోయే కౌన్సెలర్ చేతిలో ఈ పద్ధతి నిజంగానే ప్రమాదం. మనిషి ఏడుస్తుంటే "మరి బాగున్న రోజు ఎలా ఉంటుంది?" అని అడిగేవాళ్లు ఉన్నారు, దాన్ని చూసే చాలామంది ఈ పద్ధతికి బాధ అంటే లెక్కలేదని అనుకుంటారు. బాధ చెప్పుకోవడానికి వచ్చిన మనిషిని ముందు చెప్పుకోనివ్వాలి. ఎంతసేపు అన్నది ఆ మనిషి ఇష్టం. డి షేజర్, ఇన్సూల సెషన్ల వీడియోలు చూసినవాళ్లకి తెలుస్తుంది, వాళ్లు ఎంత నిదానంగా, ఎంత తక్కువ మాటలతో కూర్చుంటారో.

పాజిటివ్ థింకింగ్‌తో దీన్ని కలిపి చూస్తే నాకు బాధేస్తుంది. అంతా మంచే జరుగుతుంది అనుకో అని మేము ఎవరికీ చెప్పం. అసలు బాగున్న క్షణం ఒక్కటీ దొరకని మనిషి వచ్చినప్పుడు ఈ పద్ధతిలో వేరే ప్రశ్న ఉంది: "ఇన్ని జరుగుతుంటే, ఇవాళ లేచి, తయారై, ఇక్కడిదాకా ఎలా రాగలిగారు?" దీన్ని నిజాయితీగా అడిగితే చాలామంది కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. పిల్లాడి కోసం వచ్చాను అంటారు. అలవాటు కొద్దీ వచ్చాను అంటారు. ఒక్కోసారి, తెలీదు అంటారు, మళ్లీ ఆలోచించి, పోయినవారం అయితే వచ్చేవాణ్ని కాదు అంటారు. అక్కడి నుంచి పట్టుకోవచ్చు.

సున్నా నుంచి పది దాకా ఒక గీత గీసి అడిగే స్కేలింగ్ ప్రశ్న తేలిగ్గా కనిపిస్తుంది, ఇంట్లో వాళ్లు కూడా వాడుకోవచ్చు. మీరు కోరుకున్న రోజు పది, పూర్తిగా దానికి వ్యతిరేకం సున్నా, ఇవాళ ఎక్కడున్నారు? మూడు అన్నారనుకోండి. మామూలుగా మన ధ్యాసంతా మిగిలిన ఏడు మీదకి పోతుంది, ఇంకా ఎంత తక్కువుందో అని. ఇక్కడ ముందు అడిగేది, మూడెందుకు, సున్నా ఎందుకు కాలేదు అని. ఆ మూడులో ఏమేం ఉన్నాయో తీరిగ్గా చెప్పించాలి. తర్వాత అడిగేది నాలుగు గురించి మాత్రమే. నాలుగైతే మీరు చేసే ఏ చిన్న పని కొత్తగా కనపడుతుంది? పది గురించి పరుగులు పెట్టించకూడదు. నిజానికి చాలామంది పది దాకా వెళ్లాలని కోరుకోరు, ఏ నంబర్ దగ్గర చాలు అనుకుంటారు అని అడిగితే ఏడు అంటారు, ఏడున్నర అంటారు. అక్కడ మా పని అయిపోయినట్టే. మనిషి పూర్తిగా బాగుపడ్డాడా లేదా అని తేల్చే అధికారం కౌన్సెలర్‌కి ఎవరూ ఇవ్వలేదు.

రెండో సెషన్ మొదలయ్యేది "పోయినసారి నుంచి ఏం మెరుగైంది?" అన్న ప్రశ్నతో. ఎలా ఉన్నారు అని అడిగితే, అలాగే ఉన్నానండీ అన్న జవాబు వస్తుంది, అది మర్యాద కోసం వచ్చే జవాబు. ఏం మెరుగైంది అంటే మనిషి వెతుక్కోవాల్సి వస్తుంది. ఏం లేదు అన్నా, ఇంకా దిగజారింది అన్నా, దాన్ని అలాగే ఒప్పుకుని, దిగజారినప్పుడు ఇంకా కిందకి పోకుండా ఏం ఆపింది అని అడుగుతాం. ఇచ్చిన పని చెయ్యకుండా వస్తే నిలదియ్యం. చేసినది పని చేస్తుంటే అదే ఇంకొంచెం చెయ్యమంటాం, పని చెయ్యకపోతే ఇంకేదైనా వేరేగా చేసి చూడమంటాం.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి అని అడిగేవాళ్ల కోసం. గింగెరిచ్, పీటర్సన్ అనే ఇద్దరు 2013లో 43 అధ్యయనాలని పరిశీలించి ఒక సమీక్ష రాశారు. వాటిలో 32 అధ్యయనాల్లో, అంటే 74 శాతంలో, ఈ పద్ధతి వల్ల గట్టి మేలు కనిపించింది. పెద్దవాళ్ల డిప్రెషన్ విషయంలో ఆధారాలు అన్నిటికన్నా బలంగా ఉన్నాయని వాళ్లు తేల్చారు. నాకు దీనికన్నా ముఖ్యం అనిపించేది ఫిన్లాండ్‌లో జరిగిన హెల్సింకీ అధ్యయనం. డిప్రెషన్, యాంగ్జయిటీ ఉన్న 326 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకి సొల్యూషన్ ఫోకస్డ్ థెరపీ గరిష్ఠంగా 12 సెషన్లు, ఇంకో గుంపుకి స్వల్పకాలిక సైకోడైనమిక్ థెరపీ (లోపల దాగిన భావాలని, పాత అనుభవాలని తరచి చూసే పద్ధతి) 20 సెషన్లు, మూడో గుంపుకి అదే థెరపీ దీర్ఘకాలం, సుమారు మూడేళ్ల పాటు ఇచ్చారు. మొదటి ఏడాది చిన్న థెరపీల వాళ్లే త్వరగా కోలుకున్నారు. మూడేళ్లు గడిచి చూస్తే దీర్ఘకాలం చేసినవాళ్లే ముందున్నారు. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి. మొదటిది చెప్పి రెండోది దాచిపెట్టే కౌన్సెలర్‌ని నమ్మకండి. రెండోది చెప్పి, అందుకే మూడేళ్లు కేటాయించలేని వాళ్లకి ఏదీ లేదు అనేవాళ్లనీ నమ్మకండి, రెండు నెలల్లో నిద్ర తిరిగొచ్చి ఉద్యోగానికి వెళ్లగలిగితే అది ఆ మనిషికి చాలా పెద్ద విషయం.

దీని హద్దులు నేను దాచను. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, లేని గొంతులు వినిపిస్తున్నా, రోజూ తాగే మద్యం ఒక్కసారిగా మానేసి వణుకు వస్తున్నా, ముందు డాక్టర్ కావాలి, ఆ రోజే కావాలి. ఈ ప్రశ్నలు ఆ చికిత్సకి తోడుగా ఉండొచ్చు, దాని బదులు ఉండకూడదు. ఇంట్లో కొడుతున్న మనిషితో ఉంటున్నవాళ్లని, ఆయన కొట్టని రోజు మీరు వేరేగా ఏం చేశారు అని అడగడం ఘోరం. ఆ ప్రశ్న కొట్టడాన్ని ఆవిడ ప్రవర్తనకి ముడిపెడుతుంది. అక్కడ మొదటి మాట భద్రత గురించి, రెండో మాటా అదే. చిన్నప్పుడు జరిగిన గాయం గురించి ఏళ్లుగా మూగగా ఉండి ఇప్పుడు చెప్పుకోవాలనుకునే వాళ్లకి, తన జీవితాన్ని మొదటినుంచీ అర్థం చేసుకోవాలనుకునే వాళ్లకి, సమయం ఇచ్చే వేరే థెరపీలు ఉన్నాయి, వాటికి పంపించడం నా పనిలో భాగమే.

మరి ఎవరికి బాగా సరిపోతుంది? నా అనుభవంలో, ఎక్కడో ఇరుక్కుపోయినవాళ్లకి. కాలేజీలో ఒక సెమిస్టర్ పోయి గదిలోంచి బయటకు రాలేకపోతున్న పిల్లలకి, పెద్దయిన కొడుకుతో మాట కలవని తండ్రులకి, కొత్త ఉద్యోగంలో నోరు పెగలనివాళ్లకి, పెళ్లో విడాకులో తేల్చుకోలేక మింగలేక కక్కలేక ఉన్నవాళ్లకి. పిల్లలతో అయితే ఇంకా బాగా సాగుతుంది, వాళ్లకి పదికి మూడు అని చెప్పడం ఆట, అద్భుతం గురించి చెప్పమంటే బొమ్మ గీసి చూపిస్తారు. స్కూళ్లలో టీచర్లు కూడా ఈ ప్రశ్నలు వాడుతున్నారు, క్లాసులో అల్లరి ఎందుకు చేస్తున్నావు అని అడగడం కన్నా, నిన్న లెక్కల పీరియడ్‌లో ఇరవై నిమిషాలు ఎలా కూర్చోగలిగావు అని అడిగితే పిల్లాడి దగ్గర జవాబు ఉంటుంది. ఎందుకు అన్న ప్రశ్నకి పెద్దవాళ్ల దగ్గరే జవాబు ఉండదు, పిల్లాడి దగ్గర ఎక్కడుంటుంది.

కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలని మీరు అనుకుంటుంటే కొన్ని మాటలు. ఏ శిక్షణ తీసుకున్నారో అడగండి, ఇబ్బంది పడకుండా చెప్పేవాళ్ల దగ్గరికే వెళ్లండి. మొదటి సెషన్ అయ్యేసరికి, ఏం మారాలని వచ్చారో మీ మాటల్లో మీకు ఇంతకు ముందుకన్నా స్పష్టంగా తెలిసి ఉండాలి. కౌన్సెలర్ మాటల్లో తెలిస్తే సరిపోదు. మీరు చెప్పిన గోల్‌ని పక్కనపెట్టి, మీ అసలు సమస్య అది కాదు, ఇదీ అని మొదటి రోజే చెప్పేస్తే ఆలోచించుకోండి. మూడు సెషన్లు అయినా ఒక అంగుళం కదలలేదు అనిపిస్తే ఆ మాట నేరుగా వాళ్లతోనే అనండి. ఇది పని చెయ్యట్లేదు, వేరేగా ఏం చేద్దాం అని. మంచి కౌన్సెలర్‌కి ఆ మాట అవమానం కాదు, ఆ రోజు సెషన్ అక్కడినుంచే మొదలవుతుంది, పద్ధతి మార్చడమో, వేరేవాళ్ల దగ్గరికి పంపడమో మీతో కలిసి నిర్ణయిస్తారు. ఇంకొక్కటి, అపాయింట్‌మెంట్ తీసుకున్న రోజు నుంచి వెళ్లే రోజు దాకా ఏమైనా కొంచెం తేలికపడితే దాన్ని ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఇప్పుడు బాగానే ఉంది కదా, ఇక వెళ్లడం ఎందుకు అని మానేసేవాళ్లున్నారు. వెళ్లి ఆ కాగితమే ముందు చూపించండి, అడగాల్సిన మొదటి ప్రశ్న వాళ్లకి అందులోనే దొరుకుతుంది.